దిండు కింద వజ్రం

ఫిబ్రవరి 9, ఆదివారం

రాయి వచ్చింది.

శ్రీధరే తెచ్చాడు, మహబూబాబాద్ నుంచి పొద్దుటి రైలుకు. చొక్కా లోపలి జేబులో డబ్బా, జేబు మీద చేయి. రైలెక్కినప్పటి నుంచి మా గడప తొక్కేదాకా ఆ చేయి తీయలేదట. అమ్మ మంచినీళ్లిస్తే ఎడమ చేత్తో అందుకోబోయి, తప్పయిందని నాలుక కరుచుకుని, చేతులు మార్చుకుని కుడిచేత్తో అందుకున్నాడు. నాకు నవ్వొచ్చి వంటింట్లోకి పోయాను.

నిశ్చితార్థం ఉంగరానికి ఈ రాయి. ఇంకా కొనలేదు. హన్మకొండలో వాళ్లెప్పుడూ కొనే దుకాణం ఆయన నమ్మకం మీద ఇచ్చాడు, శివరాత్రి దాకా ఇంట్లో పెట్టుకుని చూడండి, అచ్చొస్తేనే బిల్లు రాద్దాం అని. మా షావుకార్ల ఇళ్లల్లో వజ్రం కొనడమంటే ఇదీ తంతు. పెట్టుకోబోయే మనిషి దాన్ని దిండు కింద ఉంచుకుని పడుకోవాలి. మంచి కలలొస్తే ఉంచుకుంటారు, పాడు కలలొస్తే వాపస్ ఇస్తారు. కొడకండ్ల హైస్కూల్లో పదో తరగతికి కాంతి పాఠం చెప్పే నేను, ముప్ఫై ఆరేళ్ల వయసులో, కలలతో పరీక్ష రాయాలి. వింటే నా పిల్లలు బెంచీలెక్కి నవ్వుతారు.

శ్రీధర్ వాళ్లమ్మ సులోచనమ్మ ఫోన్లో అమ్మకు ఒకే మాట ఒత్తి చెప్పింది. "మంచియో చెడ్డయో కలలు వస్తనే ఉంటయి వదినె. పోయినోళ్లు కలలకొస్తే మాత్రం దాచొద్దు. గప్పుడు ఆ రాయీ వద్దు, ఈ ముచ్చటా వద్దు." ఈ ముచ్చట అంటే నా పెళ్లి. ఆమె భయం ఆమెది. శ్రీధర్ మొదటి భార్య రేణుకకు ముక్కుపుడక రాయిని ఏ పరీక్షా లేకుండా తొందరలో కొన్నారట. మూడేళ్ల కింద రేణుక జ్వరంతో పోయింది. జ్వరం తెచ్చింది దోమ అని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆమె రాయినే తిడుతుంది. దోమను ఎంతకాలమని తిడతాం.

సాయంత్రం కిటికీ దగ్గర నేనూ శ్రీధరూ కూర్చుని రాయిని చూశాం. బడి నుంచి తెచ్చిన భూతద్దం ఉంది కదా, నా పెత్తనం మొదలైంది. ఇది ప్రిన్సెస్ కట్, నలుచదరంగా ఉంటుంది, నాలుగు మూలలూ సూదిగా ఉంటాయి, గుండ్రటి రాయికి లేని భయం దీనికుంది, దెబ్బ తగిలితే ముందు మూలలే పోతాయి, అందుకే ఉంగరంలో నాలుగు మూలలనూ బంగారు పళ్లతో కప్పాలి అని క్లాసు పీకాను. తెల్లకాగితం మీద బోర్లించి పక్క నుంచి రంగు చూశాను. నోటితో ఊదాను, ఆవిరి అలా వచ్చి ఇలా పోయింది. ఆయన సర్టిఫికెట్ పట్టుకుని, లోతు డెబ్బై రెండు శాతం అని బుద్ధిమంతుడిలా చదివాడు. మంచిదేనన్నాను. మిర్చి వ్యాపారం కదా, ఆయన వేళ్ల చివర్లు ఎప్పుడూ కొంచెం ఎర్రగా ఉంటాయి. ఆ వేళ్ల మధ్య రాయి కాసేపు పొద్దును పట్టుకుంది. లోపల గదులు, గదుల్లో మళ్లీ గదులు, అన్నిటిలోనూ దీపాలు. ఇద్దరం మాటలు మరిచిపోయి చూశాం.

ఒక మూలలో సన్నగా ఏదో కనిపించింది. దుమ్ము. ఆయనకు చెప్పలేదు, దుమ్ముకెందుకు చెప్పడం.

ఆయన వెళ్లాక నాయిన రాయిని డబ్బాలోంచి తీసి కాగితంలో పొట్లం కట్టి, పసుపు దారంతో ముడేశాడు. శివరాత్రి దాకా విప్పకూడదు. ఈ రాత్రికి దేవుని అర్రలో, రేపటి నుంచి నా దగ్గర.

నాకేం ఈ పెళ్లి మీద అంత మోజు లేదు. జరిగితే జరుగుతుంది.

ఫిబ్రవరి 10, సోమవారం

నాయినే తెచ్చి దిండు కింద పెట్టాడు. దుకాణం మూయకముందే ఇంటికి వచ్చాడు దీనికోసం. కిరాణా బేరం సాయంత్రమే జోరుగా ఉంటుందని నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి చెప్పిన మనిషి.

ఫిబ్రవరి 11, మంగళవారం

కల వచ్చింది. రాయొద్దనుకున్నాను. నా డైరీలో నేను రాసుకోకపోతే ఇంకెక్కడ రాసుకోవాలి.

మహబూబాబాద్ మిర్చి యార్డు. నేనెప్పుడూ చూడలేదు, అయినా అదేనని తెలుసు. ఎటు చూసినా ఆరబోసిన మిరపకాయలు, ఆకాశం దాకా ఎరుపు. ఘాటు మాత్రం లేదు, ఉతికి ఎండేసిన దుప్పటి వాసన వస్తోంది. నడుమ ఒకామె కూర్చుని తొడిమలు తీస్తోంది. దగ్గరికి పోతే రేణుక. వాళ్ల హాల్లో దండ వేసిన ఫోటోలో చూసిన ముఖమే, కాకపోతే ఫోటోలో లేని చిరాకు ఉంది. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. ఇద్దరం తొడిమలు తీశాం. పొద్దు కుంకలేదు, పని అయిపోలేదు, అలసట కూడా లేదు.

లేచేసరికి ఒళ్లంతా తేలిగ్గా ఉంది. భయం వేయాలి కదా. వేయలేదు.

ఏడు గంటలకు సులోచనమ్మ ఫోన్. నిద్ర పట్టిందా, కలేమన్న వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. అబద్ధం కాదు, అప్పటికింకా సరిగ్గా గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళ కల అంతా బాగా గుర్తుంది. ఫోన్ కూడా వచ్చింది. కల రాలేదనే చెప్పాను.

ఫిబ్రవరి 13, గురువారం

రాయి మూలలో ఉన్నది దుమ్మే.

ఫిబ్రవరి 15, శనివారం

మళ్లీ వచ్చింది. ఈసారి కొడకండ్ల బస్సులో. కిటికీ పక్క సీటు ఆమెది, రోజూ నేను కొట్లాడి పట్టుకునే సీటు. బస్సు రోడ్డు మీద కాకుండా నీళ్ల మీద పోతోంది, చప్పుడు లేదు. రెండు పక్కలా పత్తి విడిపోయి నీళ్ల మీద తెల్లగా తేలుతోంది. కండక్టర్ వచ్చి ఆధార్ కార్డు అడిగాడు. రేణుక దగ్గర లేదు. పోయినవాళ్లకు ఆధార్ ఎక్కడిది. నేను నాది చూపించి ఇద్దరికీ అదే అన్నాను. ఆయన సరేనని ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు రెండు కొట్టిచ్చాడు. రేణుక తన టికెట్ మడిచి జాకెట్లో పెట్టుకుంది.

మెలకువ వచ్చాక చాలాసేపు కళ్లు తెరవలేదు. ఆమె ఎక్కడ దిగుతుందో చూడాలనిపించింది.

ఇవాళ ఫోన్లో సులోచనమ్మ గొంతు సంతోషంగా ఉంది. ఏ కలా రాకపోవడం కూడా మంచిదేనని పంతులు చెప్పాడట. నేను ఊఁ కొట్టాను. ఆమె మంచిది. నా జీతం అడగలేదు, భూపాలపల్లి పెళ్లి ముచ్చట అడగలేదు. ఏడాది నిండకుండా విడిపోయిన దాన్ని ఎవరైనా ముందు అదే అడుగుతారు. ఆమె అడిగింది ఈ ఒక్కటే, దాచొద్దని. ఆ ఒక్కటే దాస్తున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

చిట్యాల నుంచి చెల్లె సంధ్య ఫోన్ చేసింది. దానికి మాత్రం చెప్పాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు, అది నా చెల్లెకు రికార్డు. తర్వాత నన్ను తిట్టింది. చెప్తే సంబంధం పోతుంది, ఎవరి కల వాళ్ల సొంతం, ఏనుగు తొండంతోని నీళ్లు పోసిందని చెప్పు, అత్తకు పండగైతది అంది. ఏనుగెందుకు, ఐరావతమనే చెప్తాలే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టాక నవ్వు రాలేదు.

చెప్తే పెళ్లి ఆగిపోతుంది. చెప్పకుండా ఆ ఇంట్లో అడుగు పెడితే, రేపు ఎవరికి చిన్న దగ్గొచ్చినా నా గుండె గుభేలుమంటుంది. దేవుళ్లనే సగం నమ్ముతాను, కలలను నమ్ముతానా? నమ్మను. నమ్మకపోతే ఎందుకు దాస్తున్నాను?

శ్రీధర్ సాయంత్రం ఫోన్ చేశాడు. కల గురించి ఆయనెప్పుడూ అడగడు. బస్సులో సీటు దొరికిందా అని అడుగుతాడు. పెళ్లిచూపుల రోజు కూడా అదే అడిగాడు, వంటొచ్చా అనలేదు. ఆదివారం బడి లేదు కదా అన్నాను. ఔను కదా అని నవ్వాడు. ఆ నవ్వు వినడానికే ఇంకో అరగంట ఏదేదో మాట్లాడాను.

మోజేం లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

రైల్వే స్టేషన్ బెంచీ. ఆమె వెనక కూర్చుని నాకు జడ వేస్తోంది. రైళ్లు వస్తున్నాయి, ఎవరూ దిగడం లేదు, బోగీల్లో తెల్లటి వెలుగు మాత్రమే ఉంది. రేణుక మాట్లాడింది మొదటిసారి. ఎవరో టైలర్ను తిడుతోంది. ఎన్నిసార్లు చెప్పినా జాకెట్ చేతులు బిగుతుగా కుడతాడట, కొలతకు పాతది ఇచ్చినా అంతేనట. నాకు చాలా హాయిగా ఉంది. జుట్టు గట్టిగా లాగి కడుతోంది, నొప్పి లేదు. మీ ఇంటికి వస్తున్నాను, కోపమా అని అడిగాను. విననట్టే ఉంది. జాకెట్ గురించే చెప్పింది.

బడిలో పిల్లలు టీచర్ ఇవాళ నవ్వుతోందని గుసగుసలు పోయారు.

ఫిబ్రవరి 19, బుధవారం

రాలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

రాలేదు. తొందరగా పడుకున్నా రాలేదు.

నాయిన గల్లా దగ్గర కూర్చునే కునుకు తీస్తున్నాడట. కళ్ల కింద నల్లగా ఉంది. దవాఖానకు పోదామంటే ఎండలు ముదిరినయి బిడ్డా అంటాడు. ఫిబ్రవరిలో ఏం ఎండలు.

ఫిబ్రవరి 22, శనివారం

ఏం రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి.

పొద్దున లేచేసరికి దిండు మీద చీమలు. నల్లవి, బారుగా, గోడ మీద నుంచి మంచం కోడు ఎక్కి దిండు కిందికి. అమ్మ చూసి చేతులు జోడించింది. నల్లచీమలు పడితే లక్ష్మి నడిచొచ్చినట్టేనట. రాయి అచ్చొచ్చిందని సులోచనమ్మకు చెప్పడానికి ఫోన్ వెతుక్కుంటూ పోయింది. నేను పొట్లం తీశాను. కాగితం నిండా చీమలే. వజ్రానికి చీమలు పడతాయా? శివరాత్రి లేదు గివరాత్రి లేదు, దారం తెంపాను.

లోపల పటికబెల్లం ముక్క. సగం తినేశాయి.

నాకు ముందు తోచిందేమిటో రాయడానికి సిగ్గేస్తోంది. వజ్రం కరిగిపోయింది అనుకున్నాను. ఫిజిక్స్ టీచర్ని!

తర్వాత నాయినా అని అరిచాను. వచ్చి చూసి, చొక్కా గుండీలు విప్పి, బనీను లోపలి జేబులోంచి అసలు పొట్లం తీశాడు. అదే పసుపు దారం. నా దిండు కింద పెట్టడానికి తెచ్చిన మొదటి రోజే మార్చేశాడట. దుకాణంలో పటికబెల్లానికి కొదవేముంది. అప్పటి నుంచి రాయి ఆయన గుండె మీదే పడుకుంది, ఆయన మాత్రం కన్ను మూయలేదు.

ఎందుకని అడిగాను. గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"భూపాలపల్లి సంబంధం నేనే తెచ్చిన బిడ్డా. గా ఇంట్ల నువ్వెట్ల ఉన్నవో నేను జూడలే. గీ రాయిల ఏదన్న ఉంటే ముందుగాల నాకు తాకనీ అనుకున్న."

ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఎన్నాళ్లయిందో అట్లా ఏడ్చి. అమ్మ ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నంబర్ కలవలేదు, అదే నయం.

మధ్యాహ్నం

సంధ్యకు చెప్తే ఎగిరి గంతేసింది. "రాయే లేదు గదనే అక్కా, ఇగ కలలకు లెక్కేంది" అంది. నిజమే. పటికబెల్లం మీద పడుకుని కన్న కలలు ఏ పంతులు లెక్కలోకీ రావు. నేను ఎవరికీ ఏమీ దాచినట్టు కాదు. తప్పించుకున్నాను.

సాయంత్రం

తప్పించుకోలేదు. రాయి పంపకపోతే రేణుకను ఎవరు పంపారు? ఎవరూ పంపలేదు. నేనే పిలుచుకున్నాను. ఆ ఇంట్లో ఆమె ఫోటో ఉన్న హాల్లో నేనెక్కడ కూర్చోవాలో తెలియక, ఆమెనే అడగడానికి కలల్లో పోతున్నాను. మోజు లేదని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. నాకు శ్రీధర్ కావాలి. చాలా కావాలి. అందుకే ఇంత భయం.

అసలు రాయిని కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో మళ్లీ చూశాను. మెత్తటి బట్టతో తుడిచాను, మళ్లీ తుడిచాను. దుమ్ము కాదు. ఒక మూల చిట్లింది. ఆ రోజే తెలుసు.

రేపు మహబూబాబాద్ పోతాను. రెండూ చెప్తాను, మూల సంగతీ, రేణుక సంగతీ.

ఫిబ్రవరి 23, ఆదివారం

శ్రీధర్ వాళ్లింటికి రమ్మన్నాడు. వద్దు, స్టేషన్లోనే కూర్చుందామన్నాను. ప్లాట్‌ఫాం చివర, చెట్టు నీడలో ఒక సిమెంటు బెంచీ. పక్కన మిర్చి బస్తాలు, ఈసారి నిజంగా ఘాటు. ఇద్దరం తుమ్ములతో మొదలుపెట్టాం.

ముందు రాయి ఇచ్చి, భూతద్దం ఇచ్చి, ఏ మూల చూడాలో చెప్పాను. ఆయన చూసి, నాకేం కనపడతలేదు అన్నాడు. తిప్పి పట్టుకోమన్నాను. కనపడింది. పళ్లు బిగించేటప్పుడు ఈ మూల ఊడొచ్చే ప్రమాదముంది, ఈ ధరకు ఇది కొనకూడదు, మొదటి రోజే చూశాను, చెప్పలేదు అన్నాను. ఎందుకు చెప్పలేదని అడిగాడు. చెప్తే మీరు రాయి తీసుకుని వెళ్లిపోతారనిపించింది అన్నాను. ఆయన చెవులు వేళ్లకంటే ఎర్రగా అయ్యాయి.

తర్వాత పటికబెల్లం కథ చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. మామయ్య ఎంత పని చేసిండు అన్నాడు. మామయ్య అనడం అదే మొదటిసారి. అక్కడే ఆపేసి, తిరుగు రైలు ఎక్కి ఇంటికి రావచ్చు. ఎంత బాగుండేదో.

చెప్పాను. మిర్చి యార్డు, బస్సు, బెంచీ, అన్నీ. చెప్తుంటే ఆయన నవ్వు ఆగిపోయింది. భూతద్దాన్ని ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మీ అమ్మ పెట్టిన షరతు నాకు తెలుసు, మీరు వద్దంటే నేనేమీ అనుకోను అన్నాను. అది మాత్రం పచ్చి అబద్ధం.

దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ అడిగాడు. "కోపంగున్నదా?"

ఎవరి మీద అన్నాను.

"నా మీద. జ్వరమొచ్చిన నాడు నేను ఖమ్మంల ఉన్న, సరుకు తోని. రేపొస్త అన్న. ఒచ్చేసరికి దవాఖానల మాట పడిపోయింది."

ఇది నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆమె మిమ్మల్ని క్షమించిందని ఒక్క మాట అంటే ఆయన ప్రాణం కుదుటపడుతుంది. నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆమె అనలేదు కదా. నా కలలో కూడా అనలేదు.

"మీ ముచ్చటే తీయలే," అన్నాను. "టైలర్ను తిట్టింది. జాకెట్ చేతులు బిగుతు కుడతడట. గంతే."

ఆయన నా వైపు తిరిగాడు. ముందు నవ్వాడు. ఔను, టైలర్ దగ్గరి నుంచి వస్తే ఆ పూట వంట ఉండేది కాదు అన్నాడు. నవ్వుతూనే ఏడ్చాడు. మూడేళ్లల్ల నాకొక్కపారి గూడ కలలకు రాలే అన్నాడు, చిన్నపిల్లవాడు ఫిర్యాదు చేసినట్టు. అవతలి పట్టాల మీద గూడ్సు బండి పోతోంది, అది పోయేదాకా ఏడ్చాడు. నేను ఆయన చేయి పట్టుకున్నాను. జనం చూస్తే చూడనీ.

అమ్మకు నేను చెప్తానన్నాడు. నేనే చెప్పాలి కదా, రోజూ అడిగింది నన్ను అన్నాను. వద్దు, ముందు నేను కూర్చుని చెప్తాను, మా ఇద్దరికీ ఈ ముచ్చట బాకీ ఉంది అన్నాడు. రాయి ఆయనకే ఇచ్చేశాను. ఈసారి జేబు మీద చేయి పెట్టుకోలేదు. బండి కదిలేదాకా నా కిటికీ చువ్వ పట్టుకునే నిలబడ్డాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఏడింటికి సులోచనమ్మ ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

రాలేదు. శ్రీధర్ కూడా చేయలేదు. అమ్మ చెంబులు తోమినవే తోముతోంది. నాయిన మాత్రం రెండు పూటలా నిద్రపోతున్నాడు. కొడకండ్ల బస్సులో కిటికీ సీటు ఖాళీగా దొరికింది. కూర్చోబుద్ధి కాలేదు.

నిజం చెప్పి మంచి పని చేశానని నాకు నేనే చెప్పుకుంటున్నాను. మంచి పని చేస్తే ఇంత దిగులుగా ఉంటుందా.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. సులోచనమ్మ. తొందరలో పచ్చ గుర్తు నొక్కబోయి ఎర్ర గుర్తు నొక్కాను. మళ్లీ నేనే చేశాను.

ఉపాసమున్నవా బిడ్డా అని అడిగింది. ఉన్నానన్నాను. అబద్ధం చెప్పాను అత్తమ్మా, కలలు వచ్చాయి అన్నాను. ఆమె దానికేమీ అనలేదు. నిన్న హన్మకొండ పోయి రాయి వాపస్ ఇచ్చి వచ్చిందట. మూల చిట్లిన రాయి ఇస్తావా, మేమేమన్న గుడ్డోళ్లమా అని దుకాణం ఆయనను అందరి ముందూ కడిగేసిందట. ఇంకో రాయి చూపిస్తానన్నాడట. నువ్వే వచ్చి చూడాలె, నీ భూతద్దం తెచ్చుకో, నీకు నచ్చితేనే కొందాం అంది.

నేను అడిగాను, మళ్లీ దిండు కింద పెట్టుకోవాలా అని.

"ఏం వద్దు," అంది. "చూసుకుంటే చాలు."

తర్వాత మాట లేదు. పెట్టేసిందేమోనని తెర చూశాను. లేదు. అవతల ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది. గుడి మైకు ఎక్కడో మోగుతోంది, ఆమె వైపో నా వైపో తెలియడం లేదు.

"బిడ్డా," అంది చివరికి. గొంతు పూర్తిగా మారిపోయింది. "రేణుక మళ్ల కలలకొస్తే, అత్తమ్మ అడిగిందని చెప్పు."

చెప్తానన్నాను.